చీల్చని నల్లి ఎముక

మా అబ్బాకి తెనాలిలో మటన్ దుకాణం. నేను బాపట్లలో ఒక కాలేజీ ల్యాబులో పరిశోధన చేసే రోజుల్లో మా ఇద్దరి పనులూ ఒకే ఎముక దగ్గర కలిశాయి. మేక తొడ ఎముకలోని మూలుగ నుంచి మూలకణాలు తీసి, వాటిని పెద్ద మొత్తంలో పెంచడం నా పని. ఎముక ఎక్కడ దొరుకుతుందని మా గైడు సార్ అడిగితే "మా ఇంట్లోనే సార్" అన్నాను. ల్యాబంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆ నవ్విన వాళ్లే తర్వాత అబ్బా ఎప్పుడొస్తారా అని గుమ్మం వైపు చూసేవాళ్లు.

మొదటిసారి అబ్బా ప్యాసింజర్ బండెక్కి స్వయంగా తెచ్చారు. పొట్లం విప్పితే, నల్లి ఎముకను జుర్రుకోవడానికి వీలుగా చక్కగా చీల్చి, దారిలో పాడవకుండా ఉప్పూ పసుపూ దట్టంగా పట్టించి ఉంది. బాగా కావలసిన వాళ్లకే ఆయన అంత శ్రద్ధగా కొట్టి ఇచ్చేవారు. బతికున్న కణం ఒక్కటీ దొరకలేదు.

"చీల్చొద్దని ముందే చెప్పాలి కదా బేటీ" అని చిన్నబుచ్చుకున్నారు. "పర్లేదు భాయ్, పులుసు పెట్టిస్తాం" అని సార్ ఆ పొట్లం తన సంచిలో వేసుకున్నారు. ఆ తర్వాత అబ్బా ఎప్పుడూ చీల్చలేదు. నిండు ఎముకను ఐసు డబ్బాలో పెట్టి తెచ్చేవారు.

ఈ కణాలకు ఒక గుణం ఉంది. దేన్నయినా పట్టుకుంటేనే బతుకుతాయి. పళ్లెంలో పెంచితే, చోటు నిండగానే ఆగిపోతాయి. అందుకే పోషక ద్రవం నింపిన గాజు పాత్రలో సన్నటి పూసలు వేసి, వాటిని పట్టుకుని పెరగనిచ్చేవాళ్లం. ఆ పూసలు అడుగుకి దిగిపోకుండా పాత్రలో ఒక కవ్వం ఆగకుండా తిరగాలి. నెమ్మదిగా తిరిగితే పూసలు అడుగున ముద్దకట్టేవి. జోరుగా తిరిగితే కణాలు ఊడిపోయి చచ్చేవి. కరెంటు పోతే సరేసరి. చిన్న పాత్రలో కుదిరింది పెద్ద పాత్రలో కుదిరేది కాదు. అబ్బాకి ఇదంతా చెబితే, ఆయన బుర్రలో నిలిచింది ఒక్క కవ్వమే. రోజూ పొద్దున దుకాణం తెరవగానే ల్యాబుకి ఫోన్ చేసి "తిరుగుతోందా?" అనేవారు.

ఐసు డబ్బాతో మెట్లెక్కుతుండగా ఒకరోజు ఆయన కుంటడం చూశాను. తుంటి ఎముకకు రక్తం అందక అది చచ్చిపోతోందని, కీలు మార్చాలని డాక్టరు చెప్పారు. అబ్బా ససేమిరా అన్నారు.

"నా పని కొయ్యడం. కోయించుకోవడం నా వల్ల కాదు. నువ్వు పెంచేవే ఎముకను బాగు చేస్తాయంట కదా?"

"అవి మేకవి అబ్బా. మనిషికి పనికిరావు. మనిషివి పెంచినా, వైద్యం దాకా వచ్చేసరికి ఏళ్లు పడుతుంది. ఆపరేషన్ చేయించుకోండి."

విన్నారు, తలూపారు. మర్నాడు పొద్దున మళ్లీ ఫోన్. "తిరుగుతోందా?"

ఆ మొండితనం మీద నాకు ఎంత కోపం వచ్చేదో చెప్పలేను. ఎంత పోట్లాడినా ఫలితం లేకపోయింది. చివరికి నిలబడలేక దుకాణం వదిలేసి, అమ్మీతో కలిసి రేపల్లెలో మా మామయ్య ఇంటికి చేరారు. దుకాణం మూసే రోజు స్టూలు మీద కూర్చుని, చివరి ఎముకను తన చేత్తోనే తీసి ఇచ్చారట. అమ్మీ దాన్ని బాపట్ల దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.

ఆ ఎముకలోని కణాలే పెద్ద పాత్రలో మొదటిసారి నిలిచాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ప్రతి పూసా కణాలతో నిండి ఉంది. రేపల్లెకి ఫోన్ చేసి "పట్టుకున్నాయి అబ్బా" అని అరిచాను.

"తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"అయితే నేనూ లేస్తాలే" అన్నారు.

లేవలేదు. మంచంలోనే ఉండిపోయిన మనిషికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆ వారంలోనే పోయారు.

మట్టి కార్యక్రమాలు ముగించుకుని నేను తిరిగి వచ్చేసరికి పాత్ర ఇంకా తిరుగుతోంది. నేను లేని రోజుల్లో సార్ స్వయంగా ద్రవం మారుస్తూ వాటిని బతికించారు. కానీ ఆ కణాలకూ ఆయువు ఉంటుంది. ముసలివై, పూసల నుంచి ఊడిపోవడం మొదలైంది. గడ్డకట్టించి దాచిపెట్టే వసతి మా ల్యాబులో లేదు. "నీకు ఎప్పుడు చేతులొస్తే అప్పుడే ఆపమ్మా" అన్నారు సార్. నాకు చేతులు రాలేదు. పని లేకపోయినా దాని ముందు కూర్చునేదాన్ని.

చివరికి ఒక పొద్దున స్విచ్ కట్టేశాను. కవ్వం ఆగింది. పాయసంలో సగ్గుబియ్యంలా పూసలన్నీ మెల్లగా అడుగుకి దిగిపోయాయి. అప్పుడే ఫోన్ మోగింది. ఎప్పుడూ తనంతట తాను ఫోన్ చేయని అమ్మీ.

"తిరుగుతోందా?" అంది.

"ఇప్పుడే ఆపేశాను అమ్మీ."

అమ్మీ మెల్లగా అంది.

"ఆయన చేత్తో తీసింది అదొక్కటే ఇంకా బతికుంది అనుకుంటూ ఉన్నా బేటీ."