నా ఇత్తడి బిందె మీద మెరుపు

రాసుకో బిడ్డా, వాడకట్టోళ్లకు పంపాలె, ఉన్నదున్నట్టు. నా కొడుకు రాజయ్య బొగ్గు బాయిల కరెంటు పని చేస్తడు. ఇయ్యాల ఇంట్ల టెస్లా కాయిలని మెరుపులు దుంకే యంత్రం నిలబెట్టిండు. పైన మేకు పెడితె మెరుపు బెత్తెడు గూడ రాలే. మేకు పీకేసి నా ఇత్తడి బిందె బోర్లించిండు.

“నీళ్ల బిందెరా అది, దించు!” అన్న.

“మేకు మొనకాడ్నె కరెంటు కారిపోతున్నది అవ్వా. నున్నగ, గుండ్రంగ ఉంటె నిండినంక ఒక్కసారి దుంకుతది.”

పైన పెద్ద బిందె వచ్చె, దానికి జత కుదరాలని కింది తీగ ఇంకో చుట్టు పెంచిండు. మూరెడు దుంకింది! నాకు కాలు నిలుస్తలేదు, మల్ల ఎయ్యమన్న.

రేపు బడిల పిల్లలకు చూపియ్యాలెనట, బిందె ఇయ్యనంటడు. తెల్లారితె నల్లా వస్తది, నీళ్లు దేంట్ల పట్టాలె? వాడకట్టోళ్లారా, నా బిందె నాకు గావాలె. ఇంతకన్న పెద్ద బిందె ఎవలికన్న ఉంటె దీని బదులు తెండ్రి, బారెడు మెరుపు చూద్దాం.