సద్దుల నాటి మైల

ఆ ముసలాయన మా ఇంటికి ఎన్నడూ వచ్చింది లేదు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆయన ముఖం నేను చూసి ఎరగను. మల్దకల్‌లో ఉంటాడని, మా పాలోళ్ళని, అంటే మా ఇంటిపేరు వాళ్ళేనని మాత్రం తెలుసు. అటువంటి మనిషి సరిగ్గా సద్దుల బతుకమ్మ రోజు పొద్దున్నే పోవాలా! ఫోన్ పెట్టేస్తూనే మా అత్త "మైల" అంది. ఇక ఆయన దినం అయ్యేదాకా మాకు పూజ లేదు, పండుగ లేదు, బతుకమ్మ పేర్చేది లేదు. మామ మగ్గం మీద చీర పని మాత్రం ఆగలేదు. దానికి మైల అంటుకోదట!

నా సంగతి పోనీ, వచ్చే ఏడు ఆడుకుంటాను. నా బాధంతా మా ఇంట్లో ఉన్న జర్మనీ పిల్ల గురించి. గద్వాలలో బడిపిల్లలకు ఊరికే ఇంగ్లీషు చెప్పడానికి అంత దూరం నుంచి వచ్చి, ఎండాకాలం నుంచి మాతోనే ఉంటోంది. దసరా దాటగానే వెళ్ళిపోతుంది. మళ్ళీ వస్తుందో రాదో ఎవరికి తెలుసు? బతుకమ్మ మొదలైన రోజే జ్వరమొచ్చి పడింది. వారమంతా దవాఖాన చుట్టూ తిరగడమే సరిపోయింది. మిగిలింది ఈ ఒక్క సాయంత్రమే. ముందురోజు నాతో పాటు వచ్చి తంగేడు కోసుకొచ్చింది, కూర్చుని గునుగు పూలకు రంగులద్దింది.

వంటింట్లో అత్తను పట్టుకున్నాను. "అత్తమ్మా, ఆ పిల్లనన్న పంపుదాం. పక్కింటోళ్ళతోని పోయి ఆడుకుంటది."

"ఎట్ల పోతదే? ఆమెకు మైల గాదా?"

నాకు ఒళ్ళు మండింది. "ఆమెకేం మైల? ఆ ముసలాయన ఆమెకేమైతడు?"

"నీకేమైతడు మరి? నువ్వు ఈ ఇంటి అన్నం తింటున్నవని నీకు పట్టలే? ఆమె తింటలేదా?"

మా అత్త పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మధ్యాహ్నం దాకా బతిమాలాను. ఆ తర్వాత నా గొంతు కూడా లేచింది. "తిన్నంత మాత్రాన మనదైతదా? బయటి పిల్ల! నాలుగు దినాలుండి పోయేటామె. మనకూ ఆమెకూ ఏం సంబంధమని మన మైల ఆమె నెత్తిన పెడుతున్నవ్?"

అత్త చేతిలోని గరిటె కింద పెట్టింది. "నీ ఇష్టమొచ్చినట్టు చేస్కో పో" అంది.

హమ్మయ్య అనుకుని, పెట్టెలోంచి నా చీరొకటి తీసుకుని వసారాలోకి వెళ్ళాను. ఆ పిల్ల పూల గంప ముందర కూర్చుని ఉంది. "లే, చీర కట్టుకో. పక్కింటోళ్ళు తయారైతున్నరు" అన్నాను. లేవలేదు.

"అక్కా, నేను బయటి పిల్లనా?"

అత్త దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకున్న పిల్ల. గోడ అవతలి మాటంతా విన్నది.

"నీ కోసమే గద అన్న! అట్ల అనకపోతే అత్తమ్మ పోనిస్తదా?" అని కసిరాను. పొద్దంతా ఎవరి కోసం పోట్లాడానో, ఆ మనిషే నా వైపు అట్లా చూస్తుంటే ఏడుపొచ్చింది. చెయ్యి పట్టి లాగాను. "నేను పోను అక్కా" అంది. వీధిలో చప్పట్లు, పాట మొదలయ్యాయి. "మీరిద్దరూ ఇద్దరే! ఎట్లన్న సావుండ్రి!" అని చీర మంచం మీద విసిరేశాను.

ఆ పిల్ల లేచి వంటింటి గడప దగ్గరికి వెళ్ళింది.

"అవ్వా, దినం నాటికి నేను ఈడ ఉండను గద. ఆ రోజు తలస్నానం మా ఊర్ల చేస్తే మైల పోతదా?"

నేను అత్త ముఖం చూశాను. అత్త నవ్వలేదు.

"పోతది బిడ్డా. అప్పటిదాంక తలకు నూనె వెట్టకు" అంది, పొద్దున నాతో చెప్పినట్టే.