పిల్లల ఆసుపత్రిలో నా మొదటి ఎస్‌క్యూఎల్ టేబుల్

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా కోడలు వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, కాఫీ చల్లారేలోగా వివరాలు దాచే నాలుగు డేటాబేస్ టేబుళ్ళు తయారుచేసి మూత వేసేయడం చూశాక, ఒక్క టేబుల్ కోసం నేను వారం రోజులు అన్నం సహించక తిరిగిన సంగతి గుర్తొచ్చింది.

అది ఎనభైల చివర. న్యూజెర్సీలో ఒక పిల్లల ఆసుపత్రి మందుల విభాగంలో ప్రోగ్రామర్‌గా ఉండేదాన్ని. కొత్త కంప్యూటర్ వచ్చింది. వార్డుల్లో ఉన్న పిల్లల పేరూ వయసూ బరువూ పాతదాన్నుంచి దానిలోకి మార్చాలి. అంతవరకూ ఫైలు కావాలంటే గళ్ళ కాగితం మీద ఏ గడిలో ఏ అక్షరమో చూసుకుని రాసి, ఆ వరసలే మెషీన్‌కి ఎక్కించేవాళ్ళం. మా తరంవాళ్ళకు ఆ గళ్ళు కళ్ళు మూసుకున్నా కనబడతాయి. కొత్త మెషీన్ ఆ పద్ధతినీ ఒప్పుకునేది, ఎస్‌క్యూఎల్ అనే కొత్త భాషలో మామూలు ఇంగ్లీషు వాక్యంలా రాసినా ఒప్పుకునేది. ఏది వాడాలో నన్నే తేల్చమంది మా పైఅధికారిణి, రిటైర్మెంట్‌కి దగ్గరపడిన అమెరికన్ ఆవిడ.

"గ్రీన్ కార్డ్ ఇంకా ప్రాసెస్‌లో ఉంది, ఇప్పుడు రిస్క్ ఎందుకు? తెలిసిన పద్ధతిలోనే చేసెయ్" అన్నారు మావారు. ఆ భయం నాకూ ఉంది. కానీ పాత రకం ఫైలు తప్పుడు విలువ వచ్చినా లోపల పెట్టేసుకుంటుందనీ, చదివేటప్పుడు గానీ అది బయటపడదనీ, ఎస్‌క్యూఎల్ టేబుల్ అయితే గుమ్మంలోనే ఆపేస్తుందనీ మాన్యువల్‌లో చదివాను. పిల్లలకిచ్చే మందు మోతాదు బరువును బట్టే కదా అని కొత్తదాన్నే ఎంచుకున్నాను.

మార్చే రోజున ఆవిడ నా వెనకే నిలబడింది. కాపీ సగంలో ఆగిపోయింది. ఆగినచోట చూస్తే, ఒక పాప బరువు ఉండాల్సిన గడి ఖాళీ. సరిచేసి మళ్ళీ నడిపితే ఇంకొకటి. మధ్యాహ్నానికి పదకొండు తేలాయి. ఆవిడ వార్డులకు ఫోన్ చేసి, ఒక్కో పేరూ పైకి చదివి, పిల్లలను మళ్ళీ తూకం వేయించి అంకెలు తెప్పించింది. చివరిది ఎక్కాక కుర్చీలో కూర్చుని, "పాతదే ఎంచుకుని ఉంటే ఇది మనకు ఎప్పుడు తెలిసేదో" అంది నెమ్మదిగా. కారెక్కి తలుపు వేసుకున్నాక గానీ నాకు ఏడుపు రాలేదు. గుండెల మీంచి బరువు దిగిన ఏడుపు అది.

ఇప్పటి టేబుళ్ళలో లక్షల పేర్లు తిరుగుతాయట, వాటిని తయారుచేసేవాళ్ళు ఒక్క పేరైనా చూడాల్సిన పని లేదట. మంచిదే. ఆ పదకొండు మందిలో ఆరేడుగురి పేర్లు మాత్రం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.