సూది కదలని పది సెకన్లు

రాయగడ స్టేషను వెనుకనున్న తూనిక యంత్రాల కర్మాగారంలో పదకొండేళ్లు తాత్కాలికోద్యోగిగానే నిలిచిన ఘనత అమృతరావుగారిది. ఆ పదకొండేళ్లలో ఆయన సాధించినదల్లా నిశ్చలత్వమే. ఎలక్ట్రానిక్ కాటాలో బరువు తెలిపే వోల్టేజి అత్యల్పము. దానిని పెంచే ఆప్-ఆంప్ అనే నల్లని చిప్పులో ఆ వోల్టేజి తనంతట తానే మెల్లమెల్లగా చలిస్తే, కాటా మీద ఏమీ పెట్టకుండానే అంకెలు పాకుతాయి. ఆ చలనాన్ని కొలిచి, అల్లరి చిప్పులను ఏరివేయడం ఆయన పని.

చిప్పును బిస్కెట్ల రేకుడబ్బాలో ఉంచి, చుట్టూ దూది కూరి, మూత బిగించేవారు. కరెంటు తీగల రొద సోకకుండా అన్నిటికీ బ్యాటరీలే. చిప్పు కాళ్లకు గాలి తగిలితే ఒకటి చల్లబడి, ఒకటి వెచ్చగా ఉండి, లేని వోల్టేజి పుట్టుకొస్తుంది. అందుచేత అరగంట ఆగి, లక్ష రెట్లు పెంచిన ఆ చలనాన్ని మీటరు సూది మీద పది సెకన్లు చూసేవారు. సూది రెండు గీతలు దాటకుంటే చిప్పు మంచిది. డబ్బా ఆయన భార్య, నర్సు ఏసమ్మది. దూదీ ఆవిడదే, ఎక్కడిదని ఆయన ఎన్నడూ అడగలేదు.

1998 వేసవిలో ఆయన కొలువు ఖాయం చేయడమా, తీసివేయడమా తేల్చడానికి విశాఖ నుంచి గోవిందరాజులుగారనే అధికారి వచ్చారు. "ఈపాలి పొమ్మంటే ఏటి సేస్తావు?" అని ఏసమ్మ పొద్దుటే అడిగింది.

"ఏటయ్యా అమృతరావూ, సాయెబొచ్చేడు, పంకా ఎయ్యవా?" అంటూ ఫోర్‌మన్ రామలింగం తానే మీట నొక్కాడు. వచ్చిన అధికారికి పంకా వేయకపోవడం ఆ కర్మాగారంలో కుర్చీ వేయకపోవడం కన్న పెద్ద నేరం.

"గాలి తగిలితే కొలత సెడిపోద్ది బాబూ."

"నీ డబ్బాకి సెమట పట్టదు, సాయెబుకి పట్టదేటి?"

గోవిందరాజులుగారు డబ్బా మీద టీకప్పు పెట్టి, మళ్లీ తీసి, "లోపల ఏముందో చూడకుండా సంతకం ఎలా పెడతానయ్యా? మూత తియ్" అన్నారు. మూత తీశారు. దూదీ తీయించారు. పంకా గాలికి సూది పూనకం వచ్చినట్లు ఊగసాగింది. అధికారి ముఖం వికసించింది.

"భలే పనిచేస్తోందే!"

"అది గాలండి సార్. సూది కదలకుండా ఉండాలండి."

"కదలనిదాన్ని కొలవడానికి మనిషెందుకు?"

అంతలో కరెంటు పోయింది. పంకా ఆగింది. అమృతరావుగారు చటుక్కున దూది సర్ది మూత వేశారు. అరగంట ఆగనక్కర లేకుండానే సూది నెమ్మదించి, తడబడి, రెండు గీతల నడుమ కుదురుకొన్నది. అంత మంచి చిప్పును ఆయన పదకొండేళ్లలో చూడలేదు.

"సూడండి సార్, సూడండి!"

"ఏం చూడను? కరెంటుతో పాటు నీ మిషనూ పోయింది" అని గోవిందరాజులుగారు కాగితం మీదికి కలం దించారు.

"బేటరీ మీదుందండి! బతికే ఉందండి!"

"బతికుంటే కదలాలి కదా?"

అమృతరావుగారు ఒక్క క్షణం ఏసమ్మ ప్రశ్నను తలచుకొన్నారు. పిదప మూత ఎత్తి, దూది తొలగించి, ఉఫ్‌మని ఊదారు. సూది ఎగిరిపడింది.

"అదీ!" అని గోవిందరాజులుగారు సంతకం చేశారు.

నెల తిరిగేసరికి ఉత్తర్వు వచ్చింది. కొలువు ఖాయం. పరికరం చక్కగా కదులుతున్నందుకు మెచ్చి, ఆ గదికి ఇంకొక పంకా కూడా మంజూరు చేశారు. ఖాయపు ఉద్యోగిగా అమృతరావుగారు చేసిన మొదటి పని, ఆ కొత్త పంకా రెక్కలను తాడుతో కట్టివేయడం. రామలింగం నిలదీస్తే మాత్రం, "సాయెబొచ్చినపుడు ఇప్పుతాను బాబూ" అని వినయంగా మనవి చేసుకొనేవారు.