చారల జెల్ల మీద నేనిచ్చిన తీర్పు

ఈ ఊళ్ళో ఇళ్ళలో అక్వేరియాలు పెట్టుకునేవాళ్ళు నా గురించి ఒక మాట చెప్పుకుంటారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పెద్ద జెల్ల చేపను ఒంటిమీది చారలు చూసి, ఇది ఫలానా నదిదని చెప్పగలిగిన మొదటి మనిషిని నేనేనట. మొన్న ఒకాయన కొత్త తొట్టి కొనుక్కుని చూడ్డానికి పిలిచి, వచ్చినవాళ్ళకి ఆ కథే చెప్పాడు. చివర్లో నవ్వుతూ, "బజారు చేపని అమెజాను చేపంటూ మేనమామకి అంటగట్టబోయిన ఓడ కుర్రాడు మన మాస్టారికి దొరికిపోయాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కాఫీ సగంలో వదిలేసి వచ్చేశాను.

ఆ ఓడ మనిషి అబద్ధం ఆడలేదు. నేను తప్పు చెప్పాను. తప్పని తెలిశాక కూడా నోరు విప్పలేదు. అది ఎలా జరిగిందో నా చేత్తో రాసి పెట్టాలనిపించింది.

డెబ్బైలు సగం దాటిన రోజులు. నేను బెజవాడలో ఒక కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటర్‌ని. గవర్నర్‌పేటలో ఒక సాయిబు గారికి అద్దాల కొట్టు ఉండేది. కిటికీ అద్దాలు, పటాలకి ఫ్రేములు, అడిగినవాళ్ళకి ఇనుప యాంగిల్ బిగించి పుట్టీ పెట్టి చేపల తొట్లు. ఆయనకి చేపలంటే ప్రాణం. కొట్టు ముందుభాగంలోనే పెద్ద తొట్టి పెట్టుకున్నారు. కృష్ణ ఇసుక తెప్పించి, నీళ్ళు తేటపడేదాకా కడిగి అడుగున పరిచేవారు. పైన ట్యూబులైటు. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తుంటే ఆయన మొహం వెలిగిపోయేది. చేపకి ఏ రోగం వచ్చినా నన్నే పిలిచేవారు. నాకూ ఆ పిలుపు ఇష్టంగానే ఉండేది.

ఆయన చెల్లెలిది మైలవరం. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు సరుకుల ఓడలో ఇంజను గదిలో పని చేసేవాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి, బడికే వెళ్ళానని చెప్పిన రకం. సాయిబు గారికి ఆ గురుతు పోలేదు. అయితే ఆయన పెద్దమ్మాయి, ఈ మేనల్లుడు ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఇళ్ళలో అందరికీ తెలుసు. సాయిబు గారు మాత్రం ఒకటే పట్టు పట్టారు. "ఓడ మీద నా కళ్ళెదుట ఉండడు. వాడి నోటిమాట తప్ప నాకేం తెలుస్తుంది? ఒక్క అబద్ధం దొరికిందా, ఈ సంబంధం మాట మళ్ళీ ఎత్తొద్దు" అని చెల్లెలికి చెప్పేశారు.

ఒకసారి సెలవుకి వస్తూ అతను ప్లాస్టిక్ డ్రమ్ములో రెండు చేపపిల్లలు తెచ్చాడు. వేలంత ఉన్నాయి. పార లాంటి మూతి, పొడుగు మీసాలు, ఒంటినిండా నిలువు చారలు. అమెజాను నది సముద్రంలో కలిసే చోట ఉన్న రేవులో, పడవ మీద అమ్ముతున్న ఒక ముసలాయన దగ్గర కొన్నానని చెప్పాడు. దారి పొడుగునా నీళ్ళు మార్చుకుంటూ తెచ్చాడట. మామకి చేపలంటే ఇష్టమని తెచ్చాడు. ఇంకో సంగతి నేను తర్వాత గ్రహించాను. అంత దూరం నుంచి ప్రాణంతో తెచ్చి చూపిస్తే, తన మాట నిజమని ఆయన నమ్ముతాడన్న ఆశ కూడా ఉంది.

రెండూ ఒకే తొట్టిలో ఉంటే ఒకదాన్నొకటి మింగుతాయేమోనని సాయిబు గారు ఒకటి నాకిచ్చారు. మా ఇంట్లో ముందుగదిలో వెలుతురు తక్కువ. నా తొట్టి అడుగున నల్ల కంకర ఉండేది, రైలు పట్టాల కింద పోసే రకం. చిన్న రొయ్యలూ పక్కె చేపలూ వేస్తుంటే ఏడాది తిరిగేసరికి రెండూ మోచెయ్యంత అయ్యాయి.

అతను మళ్ళీ సెలవుకి వచ్చినప్పుడు సంబంధం ఖాయం చేసుకోవడానికి తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ ఆదివారం నేను గుడి నుంచి వస్తూ కొట్టు దగ్గర ఆగాను. అంతకు రెండు రోజుల ముందే కాలేజీ లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అందులో ఈ జెల్లల బొమ్మలున్నాయి. ఒక్కొక్క నదిలో దీని చారలు ఒక్కొక్క తీరుగా ఉంటాయని రాసి ఉంది. అమెజానులో మందంగా నల్లగా, ఒరినోకోలో సన్నగా పలచగా. సాయిబు గారికి చూపిద్దామని వెంట తెచ్చిన ఆ పుస్తకం చంకలో పెట్టుకుని ఆయన తొట్టి ముందు నిలబడ్డాను. ఆయన చేప బూడిద రంగులో ఉంది. చారలు పెన్సిలుతో గీసినంత సన్నం. మా ఇంట్లోదేమో బొగ్గుతో గీసినట్టుండేది.

కొట్టులో సాయిబు గారు, ఆయన మేనల్లుడు, పక్క బట్టలకొట్టు ఆయన ఉన్నారు. లోపలిగది పరదా వెనక ఆడవాళ్ళు.

"సాయిబు గారూ, మీది ఒరినోకో రకమండీ" అన్నాను. "నాది అమెజానుది. ఈ రెండూ ఒక నదివి కావు."

"అదేంటి మాస్టారూ? రెండూ ఒకచోటే కొన్నానని చెప్పాడు కదా వీడు."

"అలా కుదరదండీ. ఆ నదులు రెండూ వేరు. ఇదిగో, బొమ్మ చూడండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని బొమ్మ చూశారు, చేపని చూశారు, మేనల్లుడి వైపు తిరిగారు. "మీ ఓడ ఆ ఒరి... ఆ రెండో నదికి వెళ్ళిందా?"

"లేదు మామూ. రెండూ ఒకే బుంగలోంచి తీసిచ్చాడు ఆ ముసలాయన. నా చేతుల్తో పట్టుకున్నాను."

"మరి మాస్టారు కాదంటున్నారు."

బట్టలకొట్టు ఆయన ఊరుకుంటే బాగుండేది. "దారిలో ఒకటి చచ్చిపోయుంటుందిలే భాయ్. మద్రాసులో దిగాక ఇంకోటి కొని డ్రమ్ములో వేసుంటాడు. ఏరా, మద్రాసులో కూడా అమెజాను పారుతోందా?" అని పెద్దగా నవ్వాడు.

ఆ నవ్వులో ఎవరూ కలవలేదు. అతను నా వైపు తిరిగాడు. "సార్, మీరు ఇంకోసారి చూడండి సార్. మీకు తెలుసు కదా. దయచేసి బాగా చూడండి."

నిజానికి నేను ఇంకోసారి చూడాల్సింది. పరదా వెనక గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. ఆ పిల్ల అక్కడే ఉందని నాకు తెలుసు. ఏం పోతోందో కూడా తెలుసు. కానీ ఇంతమంది నా నోటివైపే చూస్తున్నారు, చేతిలో పుస్తకం ఉంది. "చూడ్డానికేముంది, స్పష్టంగా కనిపిస్తోంటే" అన్నాను.

సాయిబు గారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "చెల్లెమ్మా, భోజనాలు కానివ్వండి. మైలవరం బస్సుకి టైమవుతుంది" అని లోపలికి కేకేశారు. అంతే. సంబంధం గురించి ఒక్క మాట లేదు. ఉండదని అందరికీ అర్థమైంది.

ఆ తర్వాత వారంలోనే కాలేజీలో ఒక ఉపన్యాసం ఇచ్చాను. రెండు చేపల ఫోటోలూ పక్కపక్కన పెట్టి, నదిని బట్టి చారలు మారే తీరు వివరించాను. హెడ్ గారు భుజం తట్టారు. నాలుగు రోజులు నేల మీద నడవలేదు.

వేసవి వచ్చింది. కాలవలు కట్టేశారు. మా డెల్టాలో ఏటా ఉన్నదే. మరమ్మతుల కోసం నీళ్ళు ఆపేస్తే కాలవలు అడుగంటుతాయి, ఊళ్ళో కుళాయిలు కూడా సన్నగిల్లుతాయి. నా తొట్టిలో కంకర కంపు కొట్టడం మొదలైంది. రోజూ కడగడానికి నీళ్ళు చాలవు. దాన్నంతా తీసి పెరట్లో పోశాను. ఎండిన కాలవలోంచి మంచి ఇసుక తెచ్చి, కడిగి పరిచాను. తొట్టిని కిటికీ దగ్గరికి జరిపాను.

రెండు వారాలు తిరక్కుండానే చేప మారింది. ముందు పొట్ట పక్కలు పాలిపోయాయి. రోగమనుకుని ఉప్పు వేశాను. ఒక పొద్దున లేచి చూస్తే అది ఇసుక మీద కదలకుండా పడుకుని ఉంది. బూడిద రంగు. చారలు పెన్సిలు గీతలు. నా ఇంట్లో, నా తొట్టిలో, సాయిబు గారి చేప.

 కొరమీను కొనడానికి వెళ్ళినప్పుడల్లా నేను ఏమని బేరమాడేవాణ్ణి? "ఇంత నల్లగా ఉందేంటమ్మా, ఇది రేగడి చెరువుది. ఇసుక కాలవది తెల్లగా ఉంటుంది, అది తియ్యి" అనేవాణ్ణి. కింద నేల ఎలా ఉంటే చేప ఒళ్ళు అలా తిరుగుతుందని కృష్ణా జిల్లాలో చేప తినే ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మ ఉన్న చేపకి మాత్రం ఆ సంగతి వర్తించదనుకున్నాను.

ఓడవాళ్ళకి సెలవు నెలల తరబడి ఉంటుంది, అప్పటికి అతనిది ఇంకా అయిపోలేదు. పిల్లకి వేరే సంబంధం ఇంకా రాలేదు. ఇంట్లోంచి బయల్దేరి గవర్నర్‌పేట దాకా నడిస్తే అయిపోయేది. ఇవాళ వెళ్దాం, రేపు వెళ్దాం అనుకున్నాను. హెడ్ గారికి ఏం చెప్పాలి, ఫోటోలు చూసిన పిల్లలకి ఏం చెప్పాలి అని లెక్కలు వేసుకున్నాను.

నేను వెళ్ళకముందే అతనే వచ్చాడు. సాయంత్రం, గేటు చప్పుడైంది. కిటికీలోంచి అతన్ని చూసి, మంచం మీది దుప్పటి లాగి తొట్టి మీద కప్పేశాను. మా ఆవిడ వింతగా చూసింది.

"సార్, ఎల్లుండి మద్రాసు వెళ్తున్నాను. ఓడ ఎక్కేయాలి" అన్నాడు గుమ్మంలో నిలబడి. "రేపు మీ చేపని బకెట్లో పెట్టి కొట్టుకి తీసుకెళ్దాం సార్. రెంటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. మామూ సరేనన్నారు. కాళ్ళు పట్టుకుంటే సరేనన్నారు."

"దానికి ఒంట్లో బాగాలేదయ్యా" అన్నాను.

"పోనీ ఇక్కడే ఒకసారి చూసి పోతాను సార్."

"వెలుతురు పడకూడదు. అందుకే కప్పాను."

సరిగ్గా అప్పుడే దుప్పటి కింద చేప ఒక్క దూకు దూకింది. తోక అద్దానికి కొట్టుకుని గది అంతా వినిపించింది. నీళ్ళు చిమ్మి దుప్పటి అంచు తడిసింది.

"జోరుగానే ఉంది కదా సార్" అన్నాడతను. కాసేపు దుప్పటి వైపే చూశాడు. చెయ్యి చాపితే అందుతుంది. నేను తొట్టికీ అతనికీ మధ్య నిలబడే ఉన్నాను. అతను చెయ్యి చాపలేదు. "సరే సార్, మీ ఇంట్లో చేప" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

"ఆ అబ్బాయికి చూపిస్తే ఏం పోయిందండీ?" అంది మా ఆవిడ.  మర్నాడు పెరట్లోని కంకర కడిగి మళ్ళీ తొట్టిలో పోశాను. చారలు మెల్లగా నల్లబడ్డాయి. ఇక నా తీర్పుని అనుమానించడానికి ఎవరికీ చోటు లేకుండా పోయింది.

ఆ చలికాలంలో పిల్లకి గుంటూరు సంబంధం కుదిరింది. నిఖాకి నన్ను పిలిచారు. వెళ్ళాను, బిర్యానీ తిన్నాను, వచ్చాను.

పెళ్ళయిన కొన్నాళ్ళకి సాయిబు గారు రిక్షాలో కొత్త తొట్టి ఒకటి తెచ్చి మా ఇంట్లో దింపారు. వెంట బకెట్లో ఆయన చేప. "కొట్టులో దీన్ని చూస్తే నాకు మనసు బాగుండట్లేదు మాస్టారూ. రెండూ మీ దగ్గరే ఉండనివ్వండి" అన్నారు. తొట్టి పెద్దది. మధ్యలో అద్దం అడ్డం పెట్టించి తెచ్చారు. ఆయన కళ్ళెదుటే రెండు వైపులా నల్ల కంకర పోశాను.  ఏం జరుగుతుందో తెలిసే పోశాను. నోటితో చెప్పలేని పని చేప చేస్తుందిలే అనుకున్నానేమో.

నెల పోయాక వచ్చారు. చెప్పులు విప్పి, తొట్టి ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు. నేను పక్కన నిలబడ్డాను. ఆయన అటు చూశారు, ఇటు చూశారు. 

"మాది ఏది మాస్టారూ?"

 తొట్టి కడిగినప్పుడు రెంటినీ బకెట్లోకి తీసి మళ్ళీ వదిలాక, ఏది ఏ వైపుకి వెళ్ళిందో నాకూ తెలియడం లేదు. ఆయన మెడ ఎత్తి నన్ను చూశారు. అప్పుడు చెప్పాను. ఇసుక సంగతి, కంకర సంగతి, దుప్పటి సంగతి, అంతా.

ఆయన అరుస్తారనుకున్నాను. అరవలేదు. "మీకు ఎప్పుడు తెలిసింది?" అని ఒక్కటే అడిగారు. "వేసవిలోనండీ" అన్నాను. "వాడు ఓడెక్కకముందా?" "ముందేనండీ." ఆయన అరచేత్తో మొహం తుడుచుకున్నారు. "చొక్కా వేసుకోండి. మైలవరం వెళ్దాం."

బస్సులో ఆయన నా పక్కన కూర్చోలేదు. మైలవరంలో ఆయన చెల్లెలి ఇంటి అరుగు మీద నిలబడి, అన్నగారి ఎదుట ఇంకోసారి అంతా చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతూ వింది. చేట దించలేదు.

"మా వాడు అబద్ధం ఆడలేదని నాకు తెలుసండీ. నాకు చెప్పి ఏం లాభం?" అంది. "ఆ రోజు కొట్టులో విన్నోళ్ళకి చెప్పండి. నవ్వినాయనకి చెప్పండి."

"చెప్తానమ్మా. మీ అబ్బాయికి..."

"వాడు ఇంటికి రావడం మానేశాడు. ఎప్పుడైనా వస్తే నేను చెప్పుకుంటాను." తర్వాత అన్నగారి వైపు చూసి, నా వైపు తిరిగింది. "ఆ పిల్లకి మాత్రం చెప్పకండి. దాన్ని గుంటూరులో కాపురం చేసుకోనివ్వండి. తెలిస్తే అది బతకలేదు, మా అన్నని బతకనివ్వదు."

సాయిబు గారు తల వంచుకున్నారు.

బట్టలకొట్టు ఆయనకి ఆ వారమే చెప్పాను. "ఓస్, అంతేనా? ఎప్పటి మాట మాస్టారూ" అని మళ్ళీ నవ్వాడు. పాత కథ చెప్పడం మాత్రం ఆయన మానలేదు. అదే ఇప్పటిదాకా నడిచి వచ్చింది. కాలేజీలో హెడ్ గారికి చెప్తే, "ఫోటోలు తీసెయ్యవయ్యా, సరిపోతుంది" అన్నారు. కుర్రాడికి వాళ్ళమ్మే చెప్పుకుంటానంది; నేను చెప్పాల్సిన వాళ్ళలో మిగిలింది ఆ అమ్మాయి ఒక్కతే. ఆవిడకి చెప్పకూడదన్న మాట నేను తప్పలేదు. ఇందులో ఎవరి పేరూ రాయకపోవడానికి కారణం అదే. గుంటూరులో ఎక్కడో ఈ కాగితం ఆవిడ చేతికి వచ్చినా, ఇది ఇంకెవరి కథో అనుకుని పక్కన పెట్టేయాలని నా కోరిక. అలా అనుకోదేమోనన్న భయంతోనే ఇన్నేళ్ళూ రాయలేదు. ఆ భయం ఇప్పటికీ పోలేదు. కానీ ఆ ఓడ మనిషిని చూసి నలుగురూ నవ్వుతుంటే వింటూ కూర్చోవడం ఇక నా వల్ల కాదు.