జపాన్ గుడిమెట్ల మీద మా బోధన్ రజిత

ఈ నెల మొదటి శుక్రవారం మధ్యాహ్నం నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతుండగా ఫోన్ మోగింది. "చాచా, అక్క పోయింది" అన్నాడు రజిత తమ్ముడు. ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండో చెప్పు చేత పట్టుకుని బోధన్ బజారులో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తల నెరవని వయసు ఆమెది. గురువును తలచుకుని శిష్యులు రాయడం లోకరీతి. ఆ రీతి నా పాలిట తలకిందులైంది.

బీడీలు చుట్టే తల్లి కష్టార్జితంతో పెరిగిన పిల్ల రజిత. తండ్రి చక్కెర ఫ్యాక్టరీ కార్మికుడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన కూడా ఎక్కువ కాలం నిలవలేదు. ఇంటర్ చదువుతూ నా స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు పేర్చే పనికి వచ్చింది. ఒకనాడు పాత కెమెరా అడిగి తీసుకెళ్లి, పొద్దుగూకాక ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని చిత్రీకరించి తెచ్చింది. నల్లని ఆకాశంలో అంతకంటే నల్లని స్తంభం. కింద కాపలాదారు గదిలో ఒక చిన్న బల్బు.

"ఫ్లాష్ ఎందుకు కొట్టలే?" అని గద్దించాను.

"ఫ్లాష్ గొడ్తె చీకటి పోతది గద చాచా. బాపు పనిజేసిన జాగ ఇప్పుడు గిట్లనే ఉన్నది" అంది.

ఆ జవాబు విన్న రోజే నాకు అర్థమైంది, ఈ పిల్ల పెళ్లి ఫోటోలకు పుట్టలేదని.

తర్వాత నర్సింగ్ చదివింది. జపాన్ భాష నేర్చుకుని, ఆ దేశంలో ఓ చిన్న పట్టణపు వృద్ధాశ్రమంలో సేవికగా చేరింది. అక్కడ హరు అనే వృద్ధురాలు ఆమె సంరక్షణలో ఉండేది. కొండమీది చిన్న దేవళానికి ఏళ్ల తరబడి ప్రతిదినం నడిచివెళ్లిన మనిషి, చివరికి మంచాన పడి, ఆ కొండ వైపు ఉన్న కిటికీనే చూస్తూ గడిపేదట. రజితకు పగలంతా కొలువు. తీరిక దొరికేది రాత్రే. ఒక శీతకాలపు రాత్రి మంచులో ఆ కొండ ఎక్కింది. వరుసగా ఎర్రని కొయ్య ద్వారాలు, నాచు పట్టిన మెట్లు, ఇరువైపులా రాతి దీపస్తంభాలు. షట్టర్ చాలాసేపు తెరచి ఉంచి, ఊపిరి బిగబట్టి, ఆ మసక వెలుతురును ఉన్నదున్నట్టు పట్టుకుంది.

"పొద్దుగాల ఫోటో ఫోన్ల ఏస్కొని సూపిస్తె ఆ అవ్వ మంచంల లేసి కూసున్నది చాచా. తల వంచి, రెండుసార్లు చప్పట్లు గొట్టింది. గక్కడ దేవుని ముందల గట్లనే మొక్కుతరు. నా ఫోనుకు మొక్కుతుంటె నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి" అని వీడియో కాల్‌లో చెప్పింది.

ఆ తర్వాత ఆశ్రమంలో ఒక్కొక్కరూ అడగసాగారు. ఒకరికి తన పెళ్లి జరిగిన దేవళం కావాలి, మరొకరికి పూర్వీకుల సమాధులున్న బౌద్ధాలయం కావాలి. కొలువు దిగి, ఆఖరి బస్సు పట్టుకుని ఆమె వెళ్లేది. ఆ చిత్రాలలో మనుషులుండరు. కానీ ఎవరో ఇప్పుడే మొక్కుకుని పక్కకు తప్పుకున్నట్టుంటుంది.

హరు మరణించినప్పుడు ఆమె బంధువులు ఆ దేవళం చిత్రాన్ని అచ్చు వేయించి, శవపేటికలోనే పెట్టి దహనం చేశారట. "ఫోటో గూడ కాలిపోయింది చాచా. ఇంకోటి నా తాన ఉంచుకోలే. నాకేం బాధైతలేదు. ఆమె కోసమే తీస్తి గద" అంది రజిత. అంతటి నిస్సంగత్వం నేను ఏ కళాకారుడిలోనూ చూడలేదు.

పోయిన ఏడాది రక్త క్యాన్సర్‌తో తిరిగివచ్చింది. నిజామాబాద్ ఆసుపత్రిలో పక్కమంచం మీద వర్ని అనే ఊరి బాలవ్వ ఉండేది. తుంటి ఎముక విరిగి, ఇక నడవలేనని తెలిసిన ముసలమ్మ. ఆమె పుట్టిల్లు ఇందల్వాయి. "మా ఊరి రాముని గుడి దీపాలు వెట్టినంక ఒక్కపారి సూస్తె సాలు బిడ్డా" అని కలవరించేది.

"జపానోళ్లకు తీస్తి, మనోళ్లకు తియ్యనా చాచా?" అని రజిత పట్టుబట్టింది. డాక్టర్లు వద్దన్నారు, తల్లి ఏడ్చింది. అయినా నా కారులో బయలుదేరింది.

ఇందల్వాయిలో ట్రైపాడ్ నిలబెట్టగలిగింది కానీ తాను నిలబడలేకపోయింది. మెట్టు మీద కూలబడి, "నువ్వే నొక్కు చాచా" అంది. నొక్కాను. షట్టర్ ఇంకా తెరచి ఉండగానే ఆమె పక్కకు ఒరిగింది. పట్టుకోబోయి ట్రైపాడ్‌ను తాకాను. చిత్రమంతా చెదిరిపోయింది.

"పోనీ చాచా, మల్ల వద్దాం" అంది. ఆ "మల్ల" రాలేదు.

అంత్యక్రియలు అయ్యాక ఒంటరిగా ఇందల్వాయి వెళ్లాను. ఈసారి చిత్రం స్ఫుటంగా వచ్చింది. గోడలోని ప్రతి రాయీ కనబడుతోంది, ప్రతి దీపమూ వెలుగుతోంది. అది పట్టుకుని వర్నిలో బాలవ్వ ఇంటికి వెళ్లాను. ఆమె చిత్రాన్ని కళ్ల దగ్గరకు తెచ్చుకుని చూసింది.

"మా గుడే" అంది. తర్వాత గుమ్మం వైపు చూసి, "పోరి రాలేదా కొడుకా?" అని అడిగింది.

చెప్పాను. ఆమె ఏడవలేదు. చిత్రాన్ని మెల్లగా నా చేతిలో పెట్టింది. "పోరే లేదాయె. ఇంక నాకిదెందుకు?"

చిత్రం తీసుకుని తిరిగొచ్చాను. కెమెరాలు పట్టేవారు ఈ జిల్లాలో ఎందరో ఉన్నారు, ఇంకా ఎందరో వస్తారు. మంచాన పడ్డ ఒక ముసలిప్రాణి కోసం చీకట్లో కొండెక్కే ఛాయాగ్రాహకురాలు మళ్లీ పుడుతుందన్న ఆశ నాకు లేదు.

రజితా, నీకు నా సలాం. నీ తల్లి దగ్గర రోజూ కాసేపు కూర్చుని వస్తున్నాను. ఆ దూరదేశపు ఆశ్రమంలో ముసలివాళ్లు నీ కోసం తలుపు వైపు చూస్తూనే ఉంటారు. వాళ్లకు ఈ కబురు చెప్పే భాష నాకు రాదు.