పచ్చ గుర్తు

సరుకు విడిపించే ఏజెంటును రేవులో అందరూ మిరపకాయ బాబాయ్ అంటారు. కళ్లజోడు నుదుటి మీదకు తోసి, కంప్యూటర్ తెర మీద వేలు ఆనించి, తిట్టుకుంటూ చదువుతాడు. కాగితాల కాలం నాటి అలవాటది. ఏ రేవులో దిగినా ఇలాంటివాడు ఒకడు ఎదురవుతాడు, అరవనిదే పని చేయలేడు, పని కానిదే అన్నం ముట్టడు. ఈసారి షెడ్డులో ఉన్నవి బాబాయ్ సొంత అక్క తోటలోని అంజూర పళ్లు. ఆమె పై దేశానికి పంపడం ఇదే మొదలు. పళ్లకు పురుగు లేదన్న సర్టిఫికెట్టును కంప్యూటర్ సరిచూసి పచ్చ గుర్తు వేస్తే గానీ అవి ఓడ ఎక్కవు. ఆ గుర్తు ఎంతకీ రాలేదు. బాబాయ్ విసిగిపోయి, సర్టిఫికెట్టు ఇచ్చిన తనిఖీ అధికారినే రెక్క పట్టుకుని కౌంటరు ముందుకు లాక్కొచ్చాడు.

“సంతకం నాదేనండీ,” అన్నాడాయన.

“మీరు చెబితే కుదరదు సార్, సిస్టమ్ చెప్పాలి,” అన్నాడు గుమాస్తా.

“ఈయన్ని కన్నతల్లిని కూడా తీసుకురమ్మంటావేమిటయ్యా?” బాబాయ్ బల్ల గుద్దాడు.

పచ్చ గుర్తు వచ్చేసరికి ఓడ వెళ్లిపోయింది, పళ్లు కుళ్లి నీరు కారసాగాయి. పారబోస్తానంటే గుమాస్తా ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకుని, “కుళ్లాయని సర్టిఫికెట్టు అప్‌లోడ్ చెయ్యాలండీ,” అన్నాడు. బాబాయ్ ఈసారి అరవలేదు. కారుతున్న పెట్టె ఒకటి తెచ్చి కౌంటరు మీద పెట్టి, ఫోను తీసి అక్కకు కలిపాడు.

“ఓడెక్కాయిట్రా తమ్ముడూ?”

బాబాయ్ ఫోనును గుమాస్తా ముందుకు జరిపాడు. “చెప్పండి సార్. మా అక్కకి మనిషి చెబితే చాలు.”